రొంటిన డబ్బా, చెవిలో ఊరు

"మీరు పాడటం లేదమ్మా, అరుస్తున్నారు" అన్నాడు డాక్టరు, నా ముక్కులోంచి సన్నటి గొట్టం బయటికి లాగుతూ.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ, అంటే ఇరవయ్యేళ్ళ పైనుంచే, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో అమ్మవారి పండగలకీ పెళ్ళిళ్ళకీ మా ఆర్కెస్ట్రాలో పాడుతున్నదాన్ని. ఈ మాట నా మొహం మీద అన్న మనిషి లేడు. గట్టిగా ఒకటి అనేద్దామని నోరు తెరిచాను. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. ఆయన నవ్వలేదు. అందుకే ఇప్పటికీ ఆయనంటే నాకు కాస్త గౌరవం ఉంది.

తెర మీద నా గొంతు లోపల ఎలా ఉందో చూపించాడు. రెండు తెల్లటి తంత్రులు, రెండింటి మీదా ఎదురెదురుగా చిన్న బుడిపెలు. రోకలి పట్టిన చేతికి కాయలు కాసినట్టే గొంతుకీ కాస్తాయట. "స్టేజీ మీద మీ గొంతు మీకు వినపడుతుందా?" అని అడిగాడు. అంతవరకూ ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. ఆలోచిస్తే, వినపడదు. వెనకాల డ్రమ్ములు, పక్కన కీబోర్డు, రెండువైపులా మనిషెత్తు స్పీకర్లు. నా గొంతు నాకు వినిపించాలని కాళ్ళ దగ్గర ఒక స్పీకరు డబ్బా నా వైపు తిప్పి పెడతారు, దాన్ని మానిటర్ అంటారు. దాని సౌండు కాస్త పెంచితే చాలు, మైకు కుయ్యిమని కూస్తుంది. పెంచకపోతే డ్రమ్ములని దాటుకుని నేను అరవాలి. నేను అరిస్తే డ్రమ్ములవాడు ఇంకాస్త గట్టిగా కొడతాడు. వాడు కొడితే మా ఆయన కీబోర్డు పెంచుతాడు. రేవులో చేపల వేలంపాట ఎలా ఉంటుందో మా స్టేజీ అలా ఉంటుంది.

"నెల రోజులు నోరు మెదపొద్దు. ఆ తర్వాత పాడండి, అరవొద్దు. ఇంకో పండగల కాలం ఇలాగే గడిచిందంటే మాట్లాడే గొంతే మిగులుతుంది, పాడే గొంతు మిగలదు" అన్నాడు.

బయటికొచ్చి స్కూటరు పక్కన నిలబడి ఏడ్చాను. ఏడవడానిక్కూడా చప్పుడు చెయ్యకూడదు కదా, అది ఇంకా కష్టం. మా నాన్న గుడిలో సన్నాయి వాయించేవారు. ఆయనకి మైకే అక్కర్లేదు, సన్నాయి ఎత్తితే రథం వీధి చివరి దాకా వినపడేది. నేను సినిమా పాటల్లోకి వచ్చి మైకు పట్టుకున్నాను. ఎందులోకి వచ్చినా నాకు తెలిసింది పాట ఒక్కటే. అది పోతే ఏం చెయ్యాలో అటుంచితే, నేనెవరినో కూడా నాకు తెలియదు.

ఆ నెల మా ఆయనకి స్వర్గం. ఆయన నాకు మేనత్త కొడుకు, బావా అనే పిలుస్తాను. మా ఆర్కెస్ట్రాకి యజమాని ఆయనే, కీబోర్డూ ఆయనే, సౌండు బోర్డు చూసుకునేదీ ఆయనే. ఇంట్లో మాత్రం నా మాటకి ఎదురు లేదు. ఇప్పుడు నాకు మాటే లేదు. ఆయన పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఫోన్లో వీడియోలు పెట్టేవాడు, మళ్ళీ పడుకునే దాకా అవే.

"ఇన్-ఇయర్ మానిటరని ఒకటి ఉన్నాదే" అన్నాడు ఒకరోజు, లాటరీ తగిలినవాడి మొహంతో. "సౌండు బోర్డు కాడ ఒక పెట్టె, నీ నడుముకి ఒక డబ్బా, ఆ డబ్బా నుంచి సెవుల్లోకి రెండు బిరడాలు. పెట్టెకీ డబ్బాకీ మజ్జిన వైరుండదు, గాల్లోనే వస్తాది. నీ గొంతు సీదా నీ సెవిలోకే. పక్కన బాంబు పేలినా నీకు అక్కర్నేదు. మెల్లగా పాడుకో."

అక్కణ్ణుంచి ఆడపిల్లకి సంబంధాలు వెతికినట్టు వెతికాడు. ఒకదానికి రూపం బాగుంది, బ్యాటరీ నిలవదు. ఇంకోదానికి బ్యాటరీ నిలుస్తుంది, పాట మాత్రం రేకు డబ్బాలో పాడినట్టుంటుంది. మూడోదాని గురించి ఇంగ్లీషులో ఎవరో ఒకాయన చెప్పింది పదే పదే విని, "ఈడు నమ్మదగ్గ మనిషిలాగున్నాడు" అని తేల్చాడు. నా అభిప్రాయం నేను గరిటెతో గిన్నె మీద కొట్టి చెప్పేదాన్ని. ఒక దెబ్బ అంటే సరే. రెండంటే వద్దు. ఎడతెరిపి లేకుండా కొడితే ఆ ఫోను ముందు ఆపెయ్యమని.

ఒక సంగతి మాత్రం ఆ వీడియోల్లో ఎవరూ చెప్పలేదు. అందులో మాట్లాడేవాళ్ళంతా జీన్సు ప్యాంట్ల మగవాళ్ళు. నడుం డబ్బాకి ఒక క్లిప్పు ఉంటుంది, టక్కున బెల్టుకి తగిలించుకుంటారు. నాకు బెల్టెక్కడిది? చీర కుచ్చిళ్ళ దగ్గర దోపితే ఆ బరువుకి కుచ్చిళ్ళు జారతాయి. అంతమంది జనం ముందు అది జారితే నా గొంతు సంగతి ఎవడిక్కావాలి. ఈ ముక్క సైగలతో చెప్తే మా బావకి అర్థం కావడానికి ఒక పూట పట్టింది.

దానికి దారి చూపించింది మా డ్రమ్ములవాడి అమ్మ. వాళ్ళది భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. వాడు నన్ను అక్కా అంటాడు, ఆవిణ్ణి నేను పిన్నీ అంటాను. చేపలమ్మడానికి విజయనగరం వచ్చినప్పుడల్లా మా ఇంట్లో కాసేపు నడుం వాల్చి వెళ్తుంది. ఆరోజు నేను నడుము చుట్టూ చేతులు తిప్పుతూ అవస్థ పడుతుంటే చూసి పడీపడీ నవ్వింది. తర్వాత తన కుచ్చిళ్ళ పక్కనుంచి చిన్న గుడ్డసంచి బయటికి లాగింది. అమ్మకం డబ్బులు, ఆకూవక్కా అన్నీ అందులోనే. నాడాతో నడుముకి కట్టి రొంటిన దోపుకుంటే కెరటంలో తడిసినా, బస్సు వెనకాల పరుగెత్తినా జారదు.

"ఇదేటి పెద్ద ఇసయం? డబ్బా కొన్నాక కొలత సెప్పు, కుట్టేత్తాను" అంది.

డబ్బా కొన్నాం, నీలం గుడ్డతో సంచీ వచ్చింది. వైరు పైకి రావడానికి మూలన కన్నం కూడా పెట్టింది మహాతల్లి. వైరు వీపు మీదుగా పోనిచ్చి జడ కింద దాచేస్తే ఎవరికీ కనపడదు.

ఆ మొదటి డబ్బా చవకది. ఇంట్లో వైఫై నడిచే దారిలోనే అదీ నడుస్తుందట. నెల గడువు తీరాక, దేవుడి గదిలో కూర్చుని, చెవుల్లో బిరడాలు పెట్టుకుని మెల్లగా 'సా' అన్నాను. నా సా నాకు వినపడింది. పక్కన కూర్చుని ఎవరో చెవిలో చెప్పినంత దగ్గరగా. అంత సన్నటి గొంతు నాకుందని మర్చిపోయాను. కళ్ళనీళ్ళు తిరిగాయి, మా బావ చూడకుండా తుడుచుకున్నాను, చూస్తే ఆ వీడియోల మనిషికి దండ వేసేస్తాడు.

నరసన్నపేటలో పెళ్ళి రిసెప్షన్‌కి దాన్ని తీసుకెళ్ళాం. రెండు పాటలు హాయిగా సాగాయి. అంతలో పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ హాల్లోకి వచ్చారు, అందరి ఫోన్లూ పైకి లేచాయి. నా చెవిలో పేలాలు వేగినట్టు చిటపట. నా గొంతు ఒక ముక్క వస్తుంది, ఒక ముక్క రాదు. చివరికి బిరడాలు పీకేసి, ఎప్పట్లాగే అరిచి ఆ సాయంత్రం గట్టెక్కించాను. ఇంటికొచ్చేసరికి మళ్ళీ గాలే మిగిలింది. నెల రోజుల మౌనం ఒక్క రిసెప్షన్‌లో ఊడ్చుకుపోయిందేమోనని హడలిపోయాను. నాలుగు రోజులు గరిటే గిన్నే మళ్ళీ తీశాను. దేవుడి దయ, ఐదో రోజుకి గొంతు తిరిగొచ్చింది.

ఈసారి మా బావని వీడియోలకి వదల్లేదు. విశాఖపట్నంలో కొట్టుకి నేనే వెళ్ళాను. ఫోన్లూ వైఫైలూ ఉన్న దారిలో నడిచేది జనంలో పనికిరాదని కొట్టాయన చెప్పాడు. యూహెచ్‌ఎఫ్ అని వేరే దారిలో నడిచేది చూపించాడు. ఊరు మారినప్పుడల్లా ఏ దారి ఖాళీగా ఉందో అదే వెతికి పెడుతుంది. మైకు ఎంత గట్టిగా కూసినా ఆ కూత చెవి దాకా రాకుండా ఆపే ఏర్పాటు ఉందా అని అడిగాను. ఉందన్నాడు, కూయించి మరీ చూపించాడు. నా చెవి రంధ్రాలు రెండూ ఒక సైజు కావని నలభై దాటాక ఆ కొట్లోనే తెలిసింది. ఎడమదానికి పెద్ద బిరడా, కుడిదానికి చిన్నది. కొట్టు మధ్యలో నిలబడి ఒక చరణం పాడి, మా బావ వైపు చూసి, బల్ల మీద వేలితో ఒక దెబ్బ కొట్టాను. నాకూ, మా బావకీ, డ్రమ్ములవాడికీ, ముగ్గురికీ సరిపడా తీసుకున్నాం.

ఇంట్లో సాధన మొదలుపెట్టిన రోజే పప్పు మాడింది. రెండు చెవులూ మూసుకుని పాడుకుంటున్నాను, కుక్కరు ఎన్ని కూతలు కూసిందో నాకు తెలియదు. ఇల్లంతా పొగ. మాడిన పప్పుకి నవ్వుకున్నాను తప్ప, అది నాకేదో చెప్తోందని తట్టలేదు.

ఆ తర్వాత వచ్చింది మా డ్రమ్ములవాడి ఊళ్ళో అమ్మవారి పండగ. నాకు పెళ్ళయిన ఏడాది నుంచీ ఏటా మేమే వాయిస్తున్నాం అక్కడ. ఆ ఊరికి ఒక పద్ధతుంది. పండగ సాయంత్రం అమ్మవారి ఘటం వీధులన్నీ తిరుగుతుంది. పసుపు రాసిన కుండ, చుట్టూ వేపమండలు, పైన దీపం. దాన్ని ఒక ఆడమనిషి నెత్తిన పెట్టుకుని వస్తుంది, ముందు డప్పులు. ఘటం మా స్టేజీ ముందుకొచ్చేసరికి ఏ పాటయినా ఎక్కడికక్కడ ఆగిపోవాలి. పాడే మనిషి కిందికి దిగి, ఘటమెత్తిన ఆవిడ కాళ్ళ మీద పసుపునీళ్ళు పొయ్యాలి. ఆ తర్వాత ఆ పాటే మొదటినుంచి అమ్మవారికి పాడాలి. ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. సందు మలుపులో డప్పు వినపడగానే మా చేతులు వాటంతటవే ఆగిపోయేవి. ఆ ఏడు ఘటమెత్తింది పిన్నే.

ఆ సాయంత్రం నా గొంతు నూనెలా జారింది. ఎక్కడా బలం పెట్టలేదు. పాట సన్నంగా, తీయగా, నా చెవిలో నాకే పాడుకున్నట్టుంది. ఆ సంతోషంలో కళ్ళు మూసుకున్నాను. మా బావ తల వంచుకుని కొత్త పెట్టె మీటలు చూసుకుంటున్నాడు. డ్రమ్ములవాడు కూడా చెవులు మూసుకుని తన లోకంలో తనున్నాడు. చరణం అయింది, పల్లవి అయింది, ఇంకో చరణం అయింది. కళ్ళు తెరిచేసరికి జనమంతా లేచి నిలబడి ఉన్నారు. స్టేజీ ముందు పిన్ని, నెత్తిన ఘటం, దీపం గాలికి ఊగుతోంది. డప్పులవాళ్ళు కొట్టీ కొట్టీ ఆపేసి మా వంకే చూస్తున్నారు. ఎంతసేపయిందో ఏమో.

పరుగెత్తుకుంటూ దిగి పసుపునీళ్ళు పోశాను. ఆ తొందరలో సగం నా చీర మీదే పడ్డాయి. పిన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "దారి పొడుగునా పోసిన నీల్లు కాల్ల మీద ఆరిపోనాయి తల్లీ, నువ్వు సూడనే నేదు" అంది మెల్లగా. వెనకాల డ్రమ్ములవాడు బిరడాలు పీకి నేలకేసి కొట్టాడు.

ఆ ఊరి కులపెద్ద మమ్మల్ని స్టేజీ పక్కకి పిలిచాడు. "సెవుల్లో బిరడాలెట్టుకుని అమ్మోరి కాడ పాడతారేటి? అమ్మోరు వస్తే వినబడనోడు ఎవడి కోసం పాడతన్నట్టు? వచ్చే వారం అనుపుకి అయి లేకుండా వస్తే రండి. నేదంటే ఇంకో ఆర్కెస్ట్రాని పిలుసుకుంటాం" అన్నాడు.

అనుపంటే అమ్మవారిని సాగనంపే రోజు. ఆరోజూ ఘటం తిరుగుతుంది, ఆరోజూ పాట ఉంటుంది. నాకు మామూలుగా కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ ఆయన మీద రాలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. బిరడాలు తీస్తే నా గొంతు పోతుంది, పెట్టుకుంటే ఊరు పోతుంది.

"ఒక సెవిలోదే పెట్టుకో, రెండోది వదిలీ" అన్నాడు మా బావ మర్నాడు. వంటింట్లో పని చేసుకుంటూ అలాగే పాడి చూశాను. తెరిచిన చెవిలోంచి బయటి మోత వస్తుంది, దాన్ని దాటడానికి మూసిన చెవిలో సౌండు పెంచాలి, అదీ చాలక గొంతు పెంచాలి. రెండు పాటలయ్యేసరికి మళ్ళీ అరుస్తున్నాను. విసుగొచ్చి రెండోదీ చెవిలో కుక్కేసి స్టవ్వు వైపు తిరిగాను. కుక్కరు మూత మీద ఆవిరి ఎగజిమ్ముతోంది, కూత మాత్రం నాకు లేదు. ఆ క్షణంలో తట్టింది.

"బావా, ఒక మైకు తే."

"పప్పు సేత పాడిత్తావేటే?"

"పాడిత్తాను. ముందు తే."

పాత మైకొకటి స్టవ్వు పక్కన పెట్టించి బోర్డుకి కలిపించాను. రెండు చెవులూ మూసుకుని ముందు గదిలో కూర్చుని పాడటం మొదలుపెట్టాను. నా గొంతు నాకు వినపడుతూనే ఉంది, దాని వెనకాల మెత్తగా వంటిల్లు కూడా వినపడుతోంది. కుక్కరు కూసింది. లేచి వెళ్ళి కట్టేశాను. మా బావ నన్నూ కుక్కర్నీ మార్చి మార్చి చూసి, "ఈ ముక్క ఒక్క వీడియోలోనూ సెప్పనేదే" అన్నాడు. తర్వాత వెతికితే చెప్పినవాళ్ళున్నారట. నా దాకా మా పప్పే చెప్పింది.

కులపెద్ద దగ్గరికి నేనే వెళ్ళాను. "ఒక్క అనుపుకి ఒప్పుకో మావా. డప్పు మాకు వినబడకపోతే ఆడికాడే పీకేసి నీ సేతిలో పెడతాను. ఇంక ఈ ఊరి పేరెత్తను" అన్నాను. ఆయన పిన్ని వైపు చూశాడు. ఆవిడ చేపలు ఎండేసుకుంటూ తలెత్తకుండానే, "పాడనీ. ఆ పిల్ల గొంతు పోతే మనకి పాడేదెవుత్తె?" అంది. ఆయన సరేనన్నాడు, మనసొప్పి అన్నట్టు మాత్రం లేదు.

అనుపు రోజు ఎండ దిగకముందే వెళ్ళి, ఘటం వచ్చే సందు మొదట్లో పందిరి రాటకి ఆ మైకు కట్టించాను. ఆ రాట చుట్టే ఆడవాళ్ళంతా కూర్చుంటారు. మా ముగ్గురి చెవుల్లోకీ ఆ మైకు వచ్చేలా మా బావ సరిచేశాడు. డ్రమ్ములవాడు బిరడాలు పెట్టుకోనని మొండికేశాడు. "ఇంకోసారి మా యమ్మ నా ముందర అలాగ నిలబడితే నేను సచ్చిపోతానక్కా" అన్నాడు. "నీకంటే ముందు నేను పోతాను, పెట్టుకోరా" అన్నాను. పెట్టుకున్నాడు.

కళ్ళు మూయకూడదని ఒట్టు పెట్టుకుని పాట మొదలుపెట్టాను. సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళని కాయమని అమ్మవారిని అడిగే పాట. మొదటి చరణం సగంలో ఉండగా చెవి లోపల, నా గొంతు వెనకాల, ఎక్కడో దూరంగా ఒక చిన్న దెబ్బ. ఆ వెంటే ఇంకోటి. ఆపేశాను. వెనక్కి తిరిగేసరికి డ్రమ్ములవాడి చేతులు అప్పటికే గాల్లో ఆగి ఉన్నాయి. మా బావ కీబోర్డు మీంచి చేతులు తీశాడు. జనానికి ఏమీ అర్థం కాలేదు. స్పీకర్ల మోతలో వాళ్ళకి డప్పు ఇంకా వినపడలేదు. కులపెద్ద లేచి నిలబడ్డాడు, ఏటయిందన్నట్టు చెయ్యి ఊపాడు. అంతలో మోత సద్దుమణిగి అందరికీ వినపడింది.

ఘటం మలుపు తిరిగేసరికి నేను చెంబుతో కింద నిలబడి ఉన్నాను. పిన్ని కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశాను, ఈసారి ఒక్క చుక్క కూడా పక్కకి పోలేదు. ఘటం నెత్తిన ఉంది కాబట్టి ఆవిడ తల వంచలేదు, కళ్ళతో నవ్వింది. కులపెద్ద వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

పైకెక్కి పాట మొదటినుంచి ఎత్తుకున్నాను. పల్లవి రెండోసారికి వచ్చేసరికి చెవిలో ఇంకేదో వినపడింది. నా గొంతు కాదు. నా గొంతు వెనకాలే, కాస్త ఆలస్యంగా, ముతకగా, ఒకటి కాదు చాలా. పెట్టెలో ఏదో తేడా వచ్చిందనుకుని మా బావ వైపు చూశాను. ఆయన కాదన్నట్టు తల ఊపి రాట వైపు చూపించాడు. రాట చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళ పెదాలు కదులుతున్నాయి. ముసలివాళ్ళు, పిల్లతల్లులు, రేవులో బుట్టలు దించి అలాగే వచ్చేసినవాళ్ళు. ఒక్క మాట తప్పకుండా నాతో పాటు పాడుతున్నారు.

చివరి చరణంలో ఒక పై స్థాయి ఉంది. ఏటా అక్కడే నేను మెడ నరాలు బిగించి అరిచేదాన్ని. ఆ చోటు రాగానే నేను ఆగాను. మైకు కిందికి దించేశాను. రాట దగ్గర్నుంచి వాళ్ళు ఎత్తుకున్నారు. శృతి కాస్త అటూ ఇటూ అయింది, అయితే అయింది. అంత చక్కగా ఆ పాట నేనెప్పుడూ వినలేదు. కళ్ళనీళ్ళు కారిపోతున్నా ఈసారి తుడుచుకోలేదు.

ఘటం దించాక పిన్ని వచ్చి నా పక్కన కూలబడింది. చెవుల్లోంచి బిరడాలు తీసి అడిగాను, "నాతోపాటు మీరు ఎప్పటినుంచి పాడతన్నారు పిన్నీ?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఎప్పటినుంచేటి? నువ్వు కొత్త పెల్లికూతురుగా వచ్చి పాడినావే, ఆ రోజు కాణ్ణుంచీ పాడతన్నాం. నీకు వినబడదని మేం మానేత్తామేటి?"

ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే అనుకుని అరిచాను.